వియన్నాలో జంటగా తొలి మూడు రోజులు: రోజుకు ఒక్క టికెట్ చాలు

వియన్నాకి మొదటిసారి వెళ్తున్న జంటలకు నేను చెప్పే మాట ఒక్కటే. రోజుకు ఒక్క పెద్ద చోటికే టికెట్ కొనండి. మిగతా సమయం వీధులకు, పార్కులకు, కాఫీకి వదిలేయండి. ఆరేడు యూరోప్ నగరాలను పది రోజుల్లో చుట్టేసే ప్యాకేజీలకు అలవాటుపడిన వాళ్లకు ఇది డబ్బు వృథా అనిపించవచ్చు. కానీ ఈ నగరంలో చాలా అందం బయటే ఉంది, ఉచితంగానే ఉంది. పొద్దున ఒక ప్యాలెస్, మధ్యాహ్నం ఒక మ్యూజియం, సాయంత్రం ఇంకో మ్యూజియం అని పెట్టుకుంటే మూడో దాని దగ్గరికి వచ్చేసరికి కాళ్లు నొప్పులు, ఆకలి, ఆ తర్వాత గొడవ. ప్రయాణాల్లో మొగుడూ పెళ్లాల మధ్య వచ్చే గొడవల్లో సగం ఆకలి వల్ల వచ్చేవే.

కింద చెప్పే వరుస మూడు పూర్తి రోజులకు సరిపోతుంది. దిగిన రోజు లెక్కలోకి రాదు.

అడుగు 1: బయల్దేరక ముందే తేల్చుకోవలసినవి

ఆస్ట్రియా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరోప్ దేశాల్లో ఒకటి. ఎక్కువ రోజులు ఆస్ట్రియాలోనే ఉండేట్టయితే వీసాకి ఆస్ట్రియాకే దరఖాస్తు పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టి తీరాలి. వేసవి సెలవులకైతే అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి రెండు మూడు నెలల ముందే కదలండి. కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇద్దరికీ కలిపి ఒకే ఫైలు పెట్టకుండా ఎవరి కాగితాల సెట్టు వాళ్లకు విడిగా పెట్టుకోండి. పెళ్లి సర్టిఫికెట్ కాపీ రెండింటిలోనూ ఉండాలి.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వస్తే ఇమిగ్రేషన్ వియన్నాలోనే జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వస్తే అక్కడే అయిపోతుంది, వియన్నాలో నేరుగా సామాను తీసుకుని బయటికి నడవడమే. అందువల్ల ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారడానికి మధ్యలో తగినంత సమయం ఉన్న టికెట్టే కొనాలి. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. క్యూలు ఇంతకు ముందుకంటే నెమ్మదిగా కదలవచ్చు.

సామాన్ల విషయంలో మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాలు, మాంసంతో చేసిన పదార్థాలు తీసుకురానివ్వరు. అంటే నెయ్యి, పాలకోవా, పనీర్ లాంటివి సూట్‌కేసులో పెట్టకండి. తాజా మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు కూడా వద్దు. కారప్పొడి, కందిపొడి, పులిహోర పేస్టు, అటుకుల మిక్చర్ లాంటివి చాలు. ఇక కరెంటు సంగతి. అక్కడ గుండ్రటి రెండు పిన్నుల సాకెట్లు ఉంటాయి. మన ఫోన్ చార్జర్ల రెండు పిన్నులు చాలావరకు పట్టేస్తాయి, మూడు పిన్నుల ప్లగ్గులకు అడాప్టర్ కావాలి.

అడుగు 2: బస ఎక్కడ?

వియన్నాలో 23 జిల్లాలు ఉన్నాయి. హోటల్ పిన్‌కోడ్ చూస్తే ఏ జిల్లాలో ఉందో తెలిసిపోతుంది. నాలుగంకెల్లో మధ్యనున్న రెండంకెలే జిల్లా నంబరు. 1010 అంటే మొదటి జిల్లా, పాత నగరం నడిబొడ్డు. 1070 అంటే ఏడో జిల్లా. బుకింగ్ సైట్లలో ‘సెంటర్‌కి దగ్గర’ అని రాసిన ప్రతి హోటల్‌నీ నమ్మకుండా ఈ కోడ్ ఒక్కసారి చూసుకోండి.

మొదటి జిల్లాలో అద్దెలు ఎక్కువ. నా లెక్కలో జంటలకు నాలుగు (1040), ఆరు (1060), ఏడు (1070) జిల్లాలు బాగుంటాయి. పాత నగరానికి నడిచి వెళ్లవచ్చు, రాత్రి తిరిగి రావడానికి భయం లేదు, చిన్న చిన్న హోటళ్లు, కాఫీ షాపులు వీధి వీధికీ ఉంటాయి. పొద్దున్నే రైలు పట్టుకోవాల్సిన వాళ్లకు మెయిన్ స్టేషన్ ఉన్న పదో జిల్లా (1100) వైపు చవగ్గా దొరుకుతుంది.

గదిలోకి వెళ్లగానే కొత్తగా అనిపించేది మంచం. డబుల్ బెడ్ అంటే రెండు పరుపులు పక్కపక్కన పెట్టి, ఎవరి దుప్పటి వాళ్లకు విడిగా మడత పెట్టి ఉంచుతారు. అక్కడ పద్ధతే అది, హోటల్ వాళ్లు పొరపాటున ట్విన్ రూమ్ ఇచ్చారని రిసెప్షన్‌కి పరిగెత్తకండి. జులై, ఆగస్టుల్లో వెళ్తుంటే ఏసీ ఉందో లేదో ముందే చూసుకోవాలి. పాత భవనాల్లోని హోటళ్లలో చాలా వాటికి ఉండదు.

అడుగు 3: ఎయిర్‌పోర్ట్ నుంచి నగరానికి

మూడు రకాల రైళ్లు ఉన్నాయి. క్యాట్ అనే ఆకుపచ్చ రైలు ఎక్కడా ఆగకుండా 16 నిమిషాల్లో వీన్ మిట్టె స్టేషన్‌కి చేరుస్తుంది, ధర ఎక్కువ. ఎస్7 అనే లోకల్ రైలు అదే స్టేషన్‌కి దాదాపు 25 నిమిషాల్లో తీసుకెళ్తుంది, ధర అందులో సగం కూడా ఉండదు. మెయిన్ స్టేషన్ దగ్గర బస అయితే రైల్‌జెట్ ఎక్కితే పావుగంట. పది నిమిషాల తేడా కోసం క్యాట్ ఎక్కడంలో నాకు అర్థం కనిపించదు. ఎస్7 చాలు.

ఒక్క జాగ్రత్త. ఎయిర్‌పోర్ట్ వియన్నా నగర జోన్ బయట ఉంది. నగరంలో తిరగడానికి కొన్న పాస్ అక్కడి నుంచి పనిచేయదు, ఆ అదనపు ముక్కకు విడిగా టికెట్ తీసుకోవాలి.

అడుగు 4: మెట్రో, ట్రామ్ టికెట్లు

వియన్నాలో మెట్రో స్టేషన్లకు గేట్లు ఉండవు. ఎవరూ ఆపరు, నేరుగా ప్లాట్‌ఫారం మీదికి వెళ్లిపోవచ్చు. అలాగని టికెట్ లేకుండా ఎక్కితే, మామూలు బట్టల్లో వచ్చే చెకింగ్ వాళ్లు పట్టుకుంటే 100 యూరోలకు పైగా జరిమానా. ‘టూరిస్టులం, తెలియదు’ అన్నా వదలరు. కాగితం టికెట్ కొంటే మొదటిసారి ఎక్కే ముందు నీలం రంగు పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్ లేనట్టే లెక్క. నగర రవాణా వాళ్ల వీన్‌మొబిల్ యాప్‌లో కొంటే ఈ బాధ లేదు, ధర కూడా కాస్త తగ్గుతుంది.

మూడు నాలుగు రోజులు ఉండేవాళ్లు 24 గంటల టికెట్లు విడివిడిగా కొనడమా, 7 రోజుల టికెట్ ఒకేసారి కొనడమా అని లెక్క వేసుకోండి. మూడు రోజులకే 7 రోజుల పాస్ చవక పడటం మామూలే. ఆ రోజుల్లో మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ అందులోనే వస్తాయి. టూరిస్టు కార్డులు కూడా అమ్ముతారు. కొన్నింటిలో ప్రవేశ టికెట్లకు చిన్న డిస్కౌంట్లు మాత్రమే ఉంటాయి, కొన్నింటిలో ప్రవేశాలే కలిసి ఉంటాయి కానీ గిట్టుబాటు కావాలంటే రోజుకు మూడు నాలుగు చోట్లు తిరగాలి. రోజుకు ఒక్క టికెట్ అనుకున్న వాళ్లకు రెండూ అవసరం లేదు.

మెట్రో లైన్లు ఐదు: యు1 ఎరుపు, యు2 ఊదా, యు3 నారింజ, యు4 ఆకుపచ్చ, యు6 గోధుమ రంగు. యు5 ఇంకా కడుతున్నారు. యు1, యు3 కలిసే స్టెఫాన్స్‌ప్లాట్జ్, యు1, యు2, యు4 కలిసే కార్ల్స్‌ప్లాట్జ్, ఈ రెండు పేర్లు గుర్తుంటే దారి తప్పరు. శుక్ర, శనివారం రాత్రుళ్లు మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది.

రోడ్డు మీద రెండు విషయాలు. ఫుట్‌పాత్ పక్కనే, కొన్నిచోట్ల ఫుట్‌పాత్ మీదే, సైకిల్ దారి గీసి ఉంటుంది. ఫొటో కోసం వెనక్కి నడుస్తూ అందులోకి వెళ్తే సైకిళ్లు వేగంగా వచ్చేస్తాయి. రెండోది, నడిచేవాళ్ల సిగ్నల్ ఎర్రగా ఉంటే రోడ్డు ఖాళీగా ఉన్నా జనం ఆగుతారు, మీరూ ఆగండి. కొన్ని సిగ్నళ్లలో ఒంటరి మనిషి బొమ్మ బదులు జంట బొమ్మ, మధ్యలో హృదయం గుర్తు కనిపిస్తాయి. 2015లో యూరోవిజన్ పాటల పోటీ వియన్నాలో జరిగినప్పుడు పెట్టారు, ఆడా మగా జంటలతో పాటు ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు ఉన్న బొమ్మలు కూడా ఉన్నాయి. జనానికి నచ్చి అలాగే ఉంచేశారు.

అడుగు 5: దిగిన రోజు నిద్రపోకుండా ఉండటం

వేసవిలో వియన్నా మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర గంటలు. అక్కడ రాత్రి ఎనిమిదైతే మన ఒంటికి పదకొండున్నర. హోటల్‌లో సామాను పడేసి ‘కాసేపు నడుం వాలుద్దాం’ అంటే ఇక ఆ రోజు అయిపోయినట్టే. స్నానం చేసి బయటికి వచ్చేయండి. టికెట్లేమీ వద్దు. దగ్గరలోని సూపర్ మార్కెట్‌కి వెళ్లి పెరుగు, బ్రెడ్, పళ్లు, పాలు కొనుక్కోండి. బిల్లా, స్పార్, హోఫర్ అన్నిచోట్లా కనిపిస్తాయి. ఆదివారం దిగితే ఇవన్నీ మూసి ఉంటాయి, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్న సూపర్ మార్కెట్లే దిక్కు.

నీళ్ల సీసాలు మాత్రం కొనకండి. వియన్నా కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి. మొదటి నీటి కాలువను 1873లో, రెండోదాన్ని 1910లో తెరిచారు. కొండల నుంచి నగరం దాకా నీళ్లు పల్లానికి వాటంతట అవే పారుతూ వస్తాయి. వీధుల్లో వెయ్యికి పైగా తాగునీటి కుళాయిలు ఉన్నాయి. ఇంటి నుంచి ఒక స్టీలు సీసా తెచ్చుకుంటే ఇద్దరికీ రోజంతా గడిచిపోతుంది.

రాత్రి తొమ్మిదింటికి పడుకోండి. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. టెన్షన్ పడకండి, రేపటి ప్లాన్ మొత్తం ఆ మెలకువ మీదే ఆధారపడి ఉంది.

అడుగు 6: మొదటి రోజు, పాత నగరం కాలినడకన

ఎలాగూ నిద్ర పట్టదు కాబట్టి ఆరున్నరకల్లా స్టెఫాన్స్‌ప్లాట్జ్‌లో ఉండండి. పదింటికి ఇసుక వేస్తే రాలనంత జనం ఉండే చోటు ఆ వేళకి దాదాపు ఖాళీ. ఫొటోలకు ఇంతకంటే మంచి సమయం రాదు.

ముందు సెయింట్ స్టీఫెన్ కెథెడ్రల్. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఆరింటికే తలుపులు తీస్తారు, వెనక భాగంలోకి ఎవరైనా ఉచితంగా వెళ్లవచ్చు. లోపలికి వెళ్లే ముందు బయట చుట్టూ నడిచి పైకప్పు చూడండి. దాదాపు 2,30,000 రంగు పెంకులతో జిగ్‌జాగ్ గీతలు, ఒక వైపు రెండు తలల గద్ద. 1945 ఏప్రిల్‌లో యుద్ధం చివరి రోజుల్లో మంటలు అంటుకుని పాత చెక్క కప్పు కాలిపోయింది, పెద్ద గంట పుమ్మెరిన్ కింద పడి ముక్కలైంది. ఆ గంటకు కూడా కథ ఉంది. 1683లో వియన్నాను ముట్టడించి ఓడిపోయిన ఒట్టోమన్ సైన్యం వదిలేసిన ఫిరంగుల లోహంతో 1711లో పోతపోశారు. విరిగిన ముక్కలను కరిగించి 1951లో మళ్లీ పోతపోసిన గంటే ఇప్పుడు ఉత్తరపు గోపురంలో ఉంది.

ఈ రోజు మీ ఒక్క టికెట్ ఇక్కడే ఖర్చు పెట్టండి. దక్షిణపు గోపురం 136 మీటర్ల ఎత్తు. ఇరుకైన మెలికల మెట్లు 343 ఎక్కితే కాపలాదారుల గది వస్తుంది, నగరం నాలుగు వైపులా కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులుంటే ఉత్తరపు గోపురానికి లిఫ్ట్ ఉంది. అది దక్షిణపు దాని కంటే బాగా తక్కువ ఎత్తు, కానీ రంగు పెంకులు దగ్గరగా కనిపించేది అక్కడి నుంచే. గోపురాలు తెరిచేది తొమ్మిది తర్వాత కాబట్టి ముందు నడక పూర్తి చేసి చివర్లో తిరిగి రండి.

కెథెడ్రల్ నుంచి గ్రాబెన్ వీధిలోకి తిరగండి. నడిమధ్యన మేఘాలు పైకి కుప్ప పోసినట్టున్న తెల్లటి స్తంభం కనిపిస్తుంది. 1679లో ప్లేగు వచ్చినప్పుడు మొక్కుకుని కట్టించినది. చివరి దాకా వెళ్లి ఎడమకి తిరిగితే కోల్‌మార్క్ట్, దాని చివర ఆకుపచ్చ గుమ్మటంతో హోఫ్‌బర్గ్ రాజప్రాసాదం. ఆరు వందల ఏళ్లకు పైగా హాబ్స్‌బర్గ్ వంశం పాలించింది ఇక్కడి నుంచే. గుమ్మటం ముందున్న చౌరస్తాలో నేల తవ్వి ఉంచిన చోట రోమన్ల కాలం నాటి గోడల పునాదులు కనిపిస్తాయి. గుమ్మటం కింది నుంచి లోపలికి నడవండి. ఎవరూ ఆపరు, ఇది జనం నడిచే దారే. లోపలి చావడి దాటి, ఎర్రటి స్విస్ ద్వారం చూసి, హెల్డెన్‌ప్లాట్జ్ మైదానంలోకి వస్తారు.

అక్కడి నుంచి రోడ్డు దాటకుండానే ఫోక్స్‌గార్టెన్. పెళ్లయిన కొత్తలో వెళ్లే జంటలకు వియన్నాలో ఒక్క పార్కు చెప్పమంటే ఇదే చెబుతాను. మే చివర, జూన్‌లో గులాబీలు వేలల్లో పూస్తాయి. ప్రవేశం ఉచితం. కుర్చీలు వేసి ఉంటాయి, వెంట తెచ్చుకున్న టిఫిన్ అక్కడ తినవచ్చు.

మధ్యాహ్నం కాఫీ హౌస్. వియన్నా కాఫీ హౌస్ సంప్రదాయాన్ని 2011లో ఆస్ట్రియా తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడ కాఫీ తాగి లేచి వెళ్లిపోవడం పద్ధతి కాదు. ఒక్క కప్పుతో రెండు గంటలు కూర్చున్నా ఎవరూ బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టరు. మీరు అడిగితేనే వస్తుంది. పాలు కలిపిన కాఫీ కావాలంటే మెలాంజ్ అడగండి, మన ఫిల్టర్ కాఫీ కంటే పలచగా ఉంటుంది. చిక్కగా కావాలంటే బ్రౌనర్. వెండి పళ్లెంలో పక్కన గ్లాసుడు నీళ్లు తప్పకుండా ఉంటాయి. కఫే సెంట్రల్ ముందు ఎప్పుడూ క్యూ. 1880లో మొదలైన కఫే స్పెర్ల్ ఆరో జిల్లాలో ప్రశాంతంగా ఉంటుంది, నాకు అదే ఇష్టం. బిల్లు తెచ్చినప్పుడు కలిపా, విడివిడిగానా అని అడుగుతారు. ‘త్సుజామెన్’ అంటే కలిపి. టిప్పు బల్ల మీద వదిలేయరు. 18 యూరోలు అయితే డబ్బు ఇస్తూ ‘20’ అని చెప్పేస్తే సరి.

సాయంత్రం ట్రామ్. పాత నగరం చుట్టూ ఉన్న కోటగోడలను కూల్చేయమని 1857 డిసెంబర్‌లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఖాళీ జాగాలో వేసిన విశాలమైన రోడ్డే రింగ్‌స్ట్రాస్సె, 1865 మే 1న తెరిచారు. దీనిమీద టూరిస్టు ట్రామ్ కోసం వెతుక్కోనక్కర లేదు, మీ మామూలు పాస్‌తోనే తిరగవచ్చు. ష్వేడెన్‌ప్లాట్జ్‌లో 2వ నంబర్ ట్రామ్ ఎక్కితే స్టాడ్‌పార్క్, ఆపెరా, ఎదురెదురుగా ఒకేలా ఉండే రెండు మ్యూజియంల మీదుగా పార్లమెంట్ దాకా వస్తుంది. అది రింగ్ వదిలి పక్కకు తిరిగే ముందు దిగి, 1వ నంబర్ ఎక్కండి. సిటీ హాల్, యూనివర్సిటీ దాటి మళ్లీ ష్వేడెన్‌ప్లాట్జ్‌కి చేరుస్తుంది. రోడ్డు పనుల వల్ల రూట్లు ఒక్కోసారి మారతాయి, యాప్‌లో చూసి ఎక్కండి. పొద్దున నడిచిన వీధులన్నీ ఎక్కడెక్కడ కలుస్తాయో ఈ చుట్టుతో అర్థమైపోతుంది. రేపటి నుంచి మ్యాప్ చూసే పని సగం తగ్గుతుంది. తొలిరోజే నడకను, ట్రామ్‌ను పెట్టమన్నది అందుకే.

అడుగు 7: రెండో రోజు, షోన్‌బ్రున్ ప్యాలెస్

ఈ టికెట్ మాత్రం ఇంటి దగ్గర ఉండగానే ఆన్‌లైన్‌లో కొనండి. లోపలికి వెళ్లే సమయం టికెట్ మీదే ఉంటుంది. పొద్దున మొదటి స్లాట్ తీసుకోండి. యు4 ఎక్కి షోన్‌బ్రున్ స్టేషన్‌లో దిగితే నడక దూరమే.

ప్యాలెస్‌లో 1,441 గదులున్నాయి. చూపించేది నలభై దాకా. పొట్టి టూర్, పెద్ద టూర్ అని రెండు రకాలుంటాయి, పెద్దదే తీసుకోండి. అందులో మిలియన్ల గది చూడవచ్చు. విలువైన చెక్కతో గోడలు పరిచి, వాటిలో మొఘలుల కాలం నాటి మన సూక్ష్మచిత్రాలను బంగారు చట్రాల్లో పొదిగారు. దర్బార్లు, వేట, తోటల్లో కూర్చున్న రాణులు. మరియా థెరీసా మహారాణి వాటిని ముక్కలుగా కత్తిరించి, గోడకు సరిపోయేట్టు మళ్లీ అతికించి పెట్టించింది. యూరోప్ నడిమధ్యన, ఒక రాణి సొంత గదిలో మన దేశపు చిత్రాలను అలా చూడటం నన్ను కదిలించింది. కత్తిరించారని బాధ కూడా కలిగింది.

అద్దాల గదిలో కాసేపు ఆగండి. 1762లో ఆరేళ్ల మొజార్ట్ మరియా థెరీసా ముందు వాయించింది ఈ ప్యాలెస్‌లోనే, అది ఈ గదే అని చెబుతారు. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పడకగదిలో మామూలు ఇనుప మంచం ఉంటుంది. 68 ఏళ్లు పాలించిన ఆయన పుట్టిందీ, 1916లో పోయిందీ ఈ భవనంలోనే. రెండేళ్ల తర్వాత, 1918 నవంబర్ 11న, నీలం చైనా గదిలో చివరి చక్రవర్తి కార్ల్ పాలన నుంచి తప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాడు. మిలియన్ల గదికీ, ఈ మూడు గదులకూ సమయం ఇచ్చి మిగతావి ఆడియో గైడ్ వింటూ సాగిపోయినా నష్టం లేదు.

బయటి తోట ఉచితం. వెనక కొండ మీద గ్లోరియెట్ మంటపం ఉంది, 1775లో కట్టారు. పావుగంట ఎక్కుడు. అక్కడి నుంచి పసుపు ప్యాలెస్, దాని వెనక నగరం మొత్తం కనిపిస్తాయి. ఇదే ఆవరణలో 1752 నుంచి నడుస్తున్న జూ ఉంది, ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అదే పాతది. చూడాలనిపిస్తే ఇంకో రోజు పెట్టుకోండి, ప్యాలెస్‌తో కలపకండి.

తిరుగు ప్రయాణంలో అదే యు4 మీద కెట్టెన్‌బ్రూకెన్‌గాస్సెలో దిగితే నాష్‌మార్క్ట్. మధ్యాహ్న భోజనానికి ఇదే చోటు. ఫలాఫెల్, హమ్ముస్, ఆలివ్‌లు, చీజ్ కూరిన మిరపకాయలు, టర్కీ రొట్టెలు. నడుస్తుంటే ప్రతి కొట్టువాడూ రుచి చూడమని ఏదో ఒకటి చేతిలో పెడతాడు. తింటే కొనాలనేమీ లేదు, కానీ కొలత అడగకుండా డబ్బా నింపనివ్వకండి, తూకం వేశాక ధర చూస్తే గుండె ఆగుతుంది. ఆదివారం ఈ మార్కెట్ ఉండదు.

శాకాహారులకు రెండు మాటలు. ఆస్ట్రియా హోటళ్లలో మెనూ మీద తేటగా కనిపించే సూప్, అందులో దోసె ముక్కల్లాంటివి తేలుతుంటాయి, అది బీఫ్ రసం. చూడటానికి శాకాహారం లాగే ఉంటుంది, జాగ్రత్త. కొన్నిచోట్ల రొట్టెకు రాసే తెల్లటి పూత వెన్న కాదు, పంది కొవ్వు. అడిగి తినండి. ధైర్యంగా తినగలిగేవి కేజె ష్పెట్స్‌లె అనే చీజ్ నూడుల్స్, ఆపిల్ ష్ట్రూడెల్, గుమ్మడికాయ సూప్. కైజర్‌ష్మార్న్ అని ముక్కలు చేసిన తియ్యటి అట్టు ఉంటుంది, దాంట్లోనూ, ష్పెట్స్‌లెలోనూ కోడిగుడ్డు వేస్తారు. ఇక అన్నం లేకపోతే నిద్ర పట్టని వాళ్లకు నగరంలో ఇండియన్ రెస్టారెంట్లు బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం పూట మెనూలు రాత్రి కంటే చవక.

అడుగు 8: ఆ సాయంత్రం ఆపెరా, నిలబడి

రోజుకు ఒక్క టికెట్ అన్నదానికి ఈ ఒక్క సాయంత్రం మినహాయింపు. ఆపెరా అంటే పాటలతోనే సాగే నాటకం. వాటిని ఆడే వియన్నా స్టేట్ ఆపెరా 1869లో మొజార్ట్ ‘డాన్ జోవాన్ని’తో మొదలైంది. 1945లో బాంబు దాడిలో కాలిపోయి, 1955లో బీతోవెన్ ‘ఫిడేలియో’తో మళ్లీ తెరుచుకుంది. మంచి సీటు కావాలంటే వంద, రెండు వందల యూరోలు దాటుతుంది. అదే ప్రదర్శనను నిలబడి చూసే టికెట్లు అందులో చిన్న భాగానికే దొరుకుతాయి. ప్రదర్శన రోజున ఆపెరా వెబ్‌సైట్‌లో కొన్ని, సాయంత్రం కౌంటర్‌లో కొన్ని అమ్ముతారు. కింది అంతస్తులో మధ్యనుండే నిలబడే చోటు అన్నిటికంటే మంచిది, వేదికకు సూటిగా ఉంటుంది. చోటు దొరకగానే ముందున్న కడ్డీకి ఒక స్కార్ఫ్ కట్టేస్తే అది మీదే. అందరూ ఆ పద్ధతి పాటిస్తారు. అమ్మాయిలు ఒక చున్నీ అదనంగా వెంట ఉంచుకోండి. ఎదురుగా ఉన్న చిన్న తెరమీద పాట అర్థం ఇంగ్లీషులో వస్తుంది.

మావారికి సంగీతం ప్రాణం, నాకు బొమ్మలు. ఆపెరా అంతా నిలబడి వినడం నాకు కష్టమే. అందుకే విరామంలో బయటికి వచ్చేద్దామని ముందే ఒప్పందం చేసుకున్నాం. మీరూ అలా ముందే మాట్లాడుకోండి. మధ్యలో లేచి వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు. జులై, ఆగస్టుల్లో ఆపెరా సెలవు. ఏప్రిల్, మే, జూన్, సెప్టెంబర్ నెలల్లో చాలా రోజులు భవనం బయట పెద్ద తెరమీద లోపలి ప్రదర్శనను ఉచితంగా చూపిస్తారు.

కెథెడ్రల్ దగ్గర, ఆపెరా దగ్గర మొజార్ట్ వేషం వేసుకుని ఎర్ర కోట్లతో కచేరీ టికెట్లు అమ్మేవాళ్లు కనిపిస్తారు. అవి టూరిస్టుల కోసం పెట్టే వేరే కచేరీలు, ఆపెరా టికెట్లు కావు. డబ్బు పెట్టకుండా సంగీతం వినాలంటే ఆదివారం పొద్దున పదకొండింటికి ఆగస్టీనర్ చర్చిలో జరిగే ప్రార్థనకు వెళ్లండి, చాలా వారాలు ఆర్కెస్ట్రా, గాయకులతో జరుగుతుంది. వెనక నిశ్శబ్దంగా కూర్చోవాలి, ఫోన్ తీయకూడదు.

అడుగు 9: మూడో రోజు, ఇద్దరిలో ఎవరికి ఏది ఇష్టం?

ఈ రోజు మ్యూజియం. రెండు గొప్పవి ఉన్నాయి, ఒక్కటే ఎంచుకోండి.

బెల్వెడేర్ ప్యాలెస్ పైభవనంలో ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ గీసిన ‘ముద్దు’ ఉంది. 180 సెంటీమీటర్ల చదరపు చిత్రం, నిజమైన బంగారు రేకు వాడి గీసినది. ఫొటోల్లో చూసి వచ్చే వాళ్లకు ఆ బంగారం వెలుగు మారుతుంటే ఎలా మెరుస్తుందో ఇక్కడే తెలుస్తుంది. పదకొండు తర్వాత దాని ముందు సెల్ఫీల గుంపు తగ్గదు, కాబట్టి తెరిచే వేళకే వెళ్లి, మిగతా గదులు వదిలేసి ముందు దాని దగ్గరికే నడవండి. 1955 మే 15న ఆస్ట్రియాకు మళ్లీ స్వాతంత్ర్యం తెచ్చిన ఒప్పందం మీద సంతకాలు జరిగింది ఈ భవనంలోని హాల్లోనే. డి నంబర్ ట్రామ్ గేటు ముందే ఆగుతుంది.

రెండోది, 1891లో తెరిచిన కళా చరిత్ర మ్యూజియం. పీటర్ బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో ఎక్కడా లేనన్ని ఇక్కడున్నాయి. మంచులో వేట నుంచి తిరిగొచ్చే మనుషులు, బాబెల్ గోపురం, పల్లెటూరి పెళ్లి విందు. ఆ పెళ్లి చిత్రంలో తలుపు రెక్కను పళ్లెంలా చేసి వడ్డన మోస్తుంటారు, బంతిభోజనాలు తెలిసినవాళ్లకు చాలాసేపు చూడబుద్ధేస్తుంది. బొమ్మలంటే ఇద్దరికీ ఇష్టమైతే ఇది, ఒకరికే ఇష్టమైతే బెల్వెడేర్. అది చిన్నది, బయట మంచి తోట ఉంది, రెండో మనిషి అక్కడ కూర్చోవచ్చు. మ్యూజియంలకు సెలవు రోజులు వేరువేరుగా ఉంటాయి. కళా చరిత్ర మ్యూజియం ఏడాదిలో చాలా భాగం సోమవారం మూసి ఉంటుంది, గురువారం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది.

మధ్యాహ్నం హోటల్‌కి వెళ్లి గంటసేపు పడుకోండి. ఈ ఒక్క గంట సాయంత్రాన్ని కాపాడుతుంది.

సాయంత్రానికి నా ఎంపిక కాలెన్‌బర్గ్ కొండ. యు4 చివరి స్టేషన్ హైలిగెన్‌స్టాడ్ దాకా వెళ్లి, 38ఎ బస్సు ఎక్కితే కొండపైకి తీసుకెళ్తుంది, మీ పాస్‌లోనే వస్తుంది. ద్రాక్ష తోటల మీదుగా డాన్యూబ్ నది, నగరం మొత్తం కనిపిస్తాయి. డాన్యూబ్ నగరం నడిమధ్య నుంచి పారుతుందని అనుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. పాత నగరం పక్కనున్నది దాని కాలువ మాత్రమే, అసలు నది దూరంగా ఉందని ఇక్కడి నుంచి చూస్తే తెలుస్తుంది. జూన్‌లో తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు వెళ్తే ఈ కొండ వదిలేసి సిటీ హాల్ ముందు క్రిస్మస్ మార్కెట్‌కి వెళ్లండి.

కొండ ఎక్కే ఓపిక లేకపోతే ప్రాటర్. 1897 నాటి జెయింట్ వీల్ ఇంకా తిరుగుతోంది, దాదాపు 65 మీటర్ల ఎత్తు. పార్కులోకి ప్రవేశం ఉచితం, ఎక్కే వాటికే టికెట్.

అడుగు 10: ఇంకో రోజు మిగిలితే

నాలుగో రోజు ఉంటే వియన్నాలోనే ఇంకో ప్యాలెస్ చూడకండి. మెయిన్ స్టేషన్ నుంచి రైలెక్కితే గంటలో స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా. షెంగెన్ దేశమే కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నా ఇబ్బంది లేదు. పాత ఊరు చిన్నది, నాలుగైదు గంటల్లో నడిచి చూసి రాత్రి భోజనానికి తిరిగి రావచ్చు. కౌంటర్‌లో అదే రోజు రానూపోనూ టికెట్ అడిగితే చవకగా ఇస్తారు. రైల్లో పోలీసులు అప్పుడప్పుడు తనిఖీ చేస్తారు, కాబట్టి పాస్‌పోర్టులు హోటల్‌లో వదలకుండా ఇద్దరూ వెంట ఉంచుకోండి.